బోర్డుకు చూపెట్టే పుండు

గోలేటి,
ఆగస్టు 10, 2025, ఆదివారం.

సదయ్యా,

నీ కాలుకు కుట్లేసింది డాక్టరు, సరే. ఆ కాలును పుట్టించింది ఎవలు? ముందు దీనికి జవాబు చెప్పు. మంచిచెడ్డ తర్వాత అడుగుత.

పొద్దున ఆరాధన అయినంక మీ వదిన చెప్పింది, మరదలు శోభ ఫోన్ చేసిందని. ఏప్రిల్‌ల హైదరాబాదుల నీ గజ్జ కాడ కోసి, మూసుకపోయిన నెత్తురు నరానికి పక్కదారి పెట్టి, గజ్జ నుంచి మోకాలు దాక బట్టగొట్టం ఏసిన్రు గద. ఇప్పుడు ఆ కోసిన కాడ, కుట్టు పక్కన, నీరు కారుతున్నదట. మళ్ల హైదరాబాదు పోదామని శోభ అంటున్నదట, నువ్వు వద్దంటున్నవట. ఇదంత మీ వదిన నా చెవుల నోరు పెట్టి రెండుసార్లు అరిస్తె గని ఎక్కలే. ముప్పై రెండేండ్లు గనిల మందుగుండు పేల్చిన చెవులాయె. ఫోన్ నాకు ఉత్త డబ్బ. అందుకే కాయితం రాస్తున్న. నువ్వు సుత కాయితమే రాయాలె.

పోనన్నందుకు నిన్ను మెచ్చుకుంటున్న. మన ఇంట్ల ఒక్కనికన్న విశ్వాసం ఉన్నది. ఆసా రాజు సంగతి నీకు యాది ఉన్నదా? పెద్ద రాజు, కోటలు కట్టినోడు. ముసలితనంల పాదాలకు రోగం వచ్చింది. రోగం ముదిరింది. దేవుణ్ని ఒక్కమాట అడగకుండ వైద్యుల ఎంబడి పడ్డడు. రెండేండ్లకు పోయిండు. అది ఊరికెనే రాసి పెట్టలేదు తమ్ముడా, నీ అసొంటోళ్ల కోసమే రాసి పెట్టిన్రు.

కారుడంటె ఏంది? లోపటి చెడు బయటికి వస్తున్నది, గంతే. నా కాలు మీద పట్టాల మీది బొగ్గు టబ్బు ఎక్కిననాడు మూడు నెలలు కారింది, తర్వాత మానింది. నువ్వు ఆ కట్టు విప్పి గాలి తగలనియ్. ప్రార్థన చేసిన నూనె సీస పంపుతున్న, పొద్దున మాపున ఆ రంధ్రంల చుక్క ఏసుకో. సంఘమంత ఇరువై ఒక్క దినాలు నీ పేరు మీద ఉపాసం ఉంటది.

ఇక్కడ వానలు ఆగుత లేవు. మన ప్రార్థన రేకుల షెడ్డు కిందనాయె, వాన పడితె నేను చెప్పేది ఎవలకు వినపడది. నాకు ఎట్లాగు వినపడది కాబట్టి నేను ఆపను.

భయపడకు. గట్టిగ నిలబడు.

నీ అన్న,
నర్సింగం

*

8 ఇంక్లైన్ కాలనీ, గోదావరిఖని,
ఆగస్టు 20, 2025.

అన్నకు, వదినకు దండాలు.

కాయితం అందింది, నూనె సుత అందింది. మూత ఊడి సగం సంచిల పోయింది. మిగిలిన సగంతోని నడిపిస్తున్న. నువ్వు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పేదేమున్నది, నీ ప్రశ్నలల్ల జవాబు ముందే ఉంటది.

నువ్వు చెప్పినట్టే చేస్తున్న. కట్టు తీసేసిన. రంధ్రం కందిగింజంత ఉంటది, గజ్జల మడత కాడ. తెల్లారేసరికి లుంగీ మీద అరచేయంత మరక పడుతది, పలచటి గంజి లెక్క. వాసన లేదంట నేను, ఉన్నదంటది శోభ. మాపటేల జర జరం వచ్చినట్టు అయితది, దుప్పటి కప్పుకుంటె చెమట పట్టి పోతది. హైదరాబాదోళ్లు రాసిచ్చిన గోలీలు బందు పెట్టిన. కడుపుల మంట పుడుతుండె.

శోభ రోజు అదే మాట. నీ కాయితం మెత్త కింద పెట్టుకున్న. ఆమె దవాఖాన అనంగనే తీసి చేతికిస్తున్న, చదువుకో అని. మొన్న అన్నది, "మీ అన్న డాక్టరు ఎన్నడైండు?" పెద్దోణ్ని గట్ల అనొద్దని కోపం చేసిన. తర్వాత వంటింట్ల గిన్నెలు మోగినయి చూడు, రెండింటికి ఓపెన్‌కాస్టుల పేల్చినప్పుడు సుత గన్ని మోగవు.

నేను లీవు మీదనే ఉన్న. కొడుకు రుత్విక్ ఇంక ఆ కాంట్రాక్టు డంపరే నడుపుతుండు. మట్టి తోలుడు, పన్నెండు గంటలు. ఇంటికొచ్చి కంచం ముందట కూసుండి నిద్ర పోతడు, చేతుల ముద్ద చేతులనే ఉంటది. ఇరువై ఏడేండ్ల పిలగాడు, నాకన్న ముసలోని లెక్క నడుస్తుండు.

ఒక్కమాట. అక్టోబర్ ఆఖర్ల నాకు మెడికల్ బోర్డు ఉంటది. కంపెనీ డాక్టర్లు కూసుండి నా ఒళ్లు చూసి రాస్తరు. అది మంచిగ జరగాలని నీ ప్రార్థనల జర యాది పెట్టుకో.

ఇంతకన్న ఏం లేదు. అలిసిపోయిన, చెయ్యి గుంజుతున్నది.

సదయ్య

*

గోలేటి,
సెప్టెంబర్ 7, 2025, ఆదివారం.

నిలబడ్డ నా తమ్మునికి,

ఇయ్యాల వాక్యం నీ మీదనే చెప్పిన. పేరు పెట్టి చెప్పిన. ఈ బొగ్గు బెల్టుల సదయ్య అని ఒకడున్నడు, కాలుల పుండు పెట్టుకొని సుత దవాఖాన ముఖం చూస్త లేడు, పైవాని ముఖమే చూస్తున్నడు అన్న. నలభై మూడు మంది లేచి నిలబడ్డరు. నా కండ్ల నీళ్లొచ్చినయి. నాకు సొంత కొడుకు లేడు, ఉన్న బిడ్డ పెండ్లయి పోయింది. తమ్ముని గురించి గట్ల చెప్పుకునే దినం వస్తదని అనుకోలే.

నీ బోర్డు సంగతి మరువలే. ప్రతి శుక్రవారం ఒకటే ప్రార్థన పెట్టినం. ఆ డాక్టర్లు నిన్ను చూసి నోరు తెరువాలె. నిండుగ ఫిట్ అని రాయాలె. మళ్ల నువ్వు ల్యాంపు పట్టుకొని గనిల దిగాలె, ఉన్న సర్వీసు నిండుగ చేసి దండేసుకొని బయటికి రావాలె, నా లెక్క. డెబ్బై ఏండ్ల మల్లక్క నీ పేరు మీద శుక్రవారం నీళ్లు సుత ముట్టుత లేదు. నువ్వు ఆమెను ఎన్నడు చూడలే, ఆమె నిన్ను చూడలే.

ఇంకో మాట సుత చెప్పిన. మంచిగున్నోళ్లు బోర్డు ముందట కుంటుకుంట పోతున్న కాలమిది. లేని రోగం చెప్పి అన్‌ఫిట్ రాయించుకునుడు, దేవుడిచ్చిన ఒంటి మీద అబద్ధసాక్ష్యం చెప్పుడే. నా తమ్ముడు గట్లాటోడు కాదు అన్న. బల్ల గుద్ది చెప్పిన.

ఒక్క సంధ్యారాణి మాత్రం లేవలే. కంపెనీ దవాఖానల నర్సు, మా సంఘం బిడ్డనే. ఆరాధన అయినంక దగ్గరికొచ్చి ఏదో అడిగింది. నాకు వినపడలే, మంచిదే అని తల ఊపిన. నర్సులకు విశ్వాసం తక్కువ ఉంటది, రోజు సీసలు చూస్తరు గద.

నూనె అయిపోతె రాయి, పంపుత.

నీ గురించి గర్వపడే అన్న,
నర్సింగం

*

గోదావరిఖని,
సెప్టెంబర్ 16, 2025.

అన్నా,

ముందు ఆ ప్రార్థన ఆపియ్యి. నీ కాళ్లు మొక్కుత. మల్లక్కను నీళ్లు తాగుమను. నలభై మూడు మంది కూడి ఫిట్ ఫిట్ అని అడుగుతుంటె, నిజంగనే అయితదేమోనని నాకు నిద్ర పట్టుత లేదు.

నాకు ఫిట్ వద్దు. అన్‌ఫిట్ కావాలె.

నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్నాళ్లు దాపెట్టిన. నీ వాక్యం ఎట్లుంటదో నాకు తెల్వదా? నవంబర్ ఆఖరుకు నాకు మిగిలిన సర్వీసు రెండేండ్లకు లోపు పడుతది. తర్వాత నేను మంచం పట్టినా, కాలు పోయినా, కొడుక్కు నౌకరి రాదు. అంతకుముందే బోర్డు అన్‌ఫిట్ రాస్తె నా బదులు వానికి వస్తది. అక్టోబర్ 30 గురువారం బోర్డే నాకు ఆఖరిది. ఇంకో దినం లేదు.

కొమురెల్లి తెలుసు గద, నాతోని బొగ్గు టబ్బులు గుంజే హాలేజీల పని చేసినోడు. వానికి సుత నా అసొంటి ఆపరేషనే. పాపం బుద్ధిమంతుడు, గోలీలు టైముకు మింగిండు, కట్లు కట్టించుకున్నడు. మచ్చ తప్ప ఏం మిగలకుండ మానింది. బోర్డుల డాక్టరు కాలు పట్టి చూసి, నెత్తురు మంచిగ పారుతున్నది, పైన తేలిక పని చేసుకో అని రాసిండు. వాని కొడుకు ఇప్పుడు బస్టాండు కాడ సిమ్ముకార్డులు అమ్ముతుండు.

గోలీలు కడుపుల మంటకు బందు పెట్టలే అన్నా. పుండు మానుడు మొదలైతదేమోనని పెట్టిన. బోర్డు దాక అది కారాలె. వాళ్లు లుంగీ పైకెత్తుమన్నప్పుడు కనపడాలె. నీ కాయితం వచ్చిన్నాడు నాకు ఎంత నిమ్మలమైందో చెప్పలేను. శోభకు చూపెట్టనీకి ఒక మాట దొరికింది. నా మాట ఆమె వినదు, నీ మాట దేవుని మాట అంటె గమ్మున ఉంటది.

నువ్వు అబద్ధసాక్ష్యం అన్నవు. నేను కుంటుత లేను, నటిస్త లేను. పుండు నిజం, చీము నిజం. జర ఆగి మానుమంటున్న, గంతే.

దవాఖానోళ్లు ఇచ్చిన కాయితాల జిరాక్సు దీంట్ల పెట్టిన. మీ సంఘంల నర్సమ్మ ఉన్నదంటివి గద, ఆమెకు చూపెట్టి ఇవి బోర్డుకు సరిపోతయా, ఇంకేమన్న కావాల్నా అడుగు.

కోపం కాకు. రుత్విక్‌ను చూసి చేస్తున్న.

సదయ్య

*

గోలేటి,
అక్టోబర్ 5, 2025, ఆదివారం.

సదయ్యా,

రెండు వారాలు కలం ముట్టలే. నా కోపం కాయితం మీద పట్టేటట్టు లేకుండె. దసరా పోయింది. మల్లక్క ప్రతి ఆదివారం నా ముందట చూపుడువేలు లేపి మీ తమ్ముడు ఎట్లున్నడని సైగ చేస్తది. నేను ఆకాశం దిక్కు చూపెడుత. ఇంతకన్న నీచమైన పని నేను చెయ్యలే.

ఆ కోపం పక్కన పెట్టిన. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగ చదువు. ముందట శోభను కూసోబెట్టుకొని చదువు.

నీ జిరాక్సు సంధ్యారాణికి ఇచ్చిన. నిలబడి చదువుడు మొదలుపెట్టింది, రెండో పేజీల కూసున్నది. నా చెవుల సంగతి ఎరుక కాబట్టి షెడ్డుల పిల్లల పలక తీసుకొని రాసింది. ఎన్ని దినాల సంది కారుతున్నది? రెండు నెలలు దాటింది అన్న. జరం? మాపటేల వస్తది అన్న. దాని మీద ఏం పెడుతున్నరు? నూనె అన్న, రంధ్రంల చుక్క ఏస్తున్నడని చెప్పిన. ఎవలు చెప్పిన్రు అని రాసి, బలపం ఎత్తి నా దిక్కు చూసింది.

ఆమెకు అర్థమైంది. పలక తుడిచింది.

ఆమె చెప్పింది నాకు తెలిసిన మాటలల్ల రాస్తున్న. నీ ఒంట్ల ఉన్న గొట్టం బట్ట అసొంటిది. దాంట్లకెల్లి నెత్తురు పారుతది కని దానికి నెత్తురు అందది, ప్రాణం లేదు. కంటికి కనపడని క్రిములు పోయి దాని మీద కూసుంటె, మీదికెల్లి జిగురు పొర కప్పుకుంటయి. గోలీలు, సూదులు ఆ పొర దాక పోయి ఆగుతయి. మన మాంసమైతె క్రిములతోని కొట్లాడుతది. బట్ట కొట్లాడదు. అందుకే నా కాలు మానింది, నీది మానదు. నీ గజ్జల కందిగింజంత రంధ్రం పుండు కాదు సదయ్యా, లోపట గొట్టం దాక ఉన్న సొరంగానికి మూతి అది. నూనె పోసి దానికి దారి నునుపు చేసినోణ్ని నేను.

నువ్వు గోలీలు మింగినా ఒట్టి గోలీలతోని పోయేది కాదట. లోపట ఫొటో తియ్యాలె, అవసరమైతె గొట్టం తీసేసి, కడిగి, నీ సొంత నరంతోని ఇంకో దారి పెట్టాలె. ఆలస్యమైతె కాలు పోతది. ఇంక ఆలస్యమైతె గొట్టాన్ని నరానికి కుట్టిన కాడ కుళ్లి తెగుతది. తెగితె నిమిషాల పని.

నలభై ఏండ్ల సంది నేను చదువుతున్న గ్రంథంలనే ఇది ఉన్నది. ఇంటి గోడల కుష్టు పొడ పుడితె యాజకుడు ఏం చెయ్యాలె? గోడ గీకాలె, పొడ ఉన్న రాళ్లు ఊడబీకి ఊరి బయట పారెయ్యాలె, కొత్త రాళ్లు పెట్టి పైన పూత పూసి గిలాబు చెయ్యాలె. పాత రాళ్ల మీద గిలాబు చేసుకుంట పోతె ఇల్లే కూలుతది. నీకు రాళ్లు తియ్యాల్సి వచ్చింది. నేను గిలాబు పంపిన.

ఆసా రాజు కథ చెప్పిన నీకు. ఆ రాజు తర్వాత చాన తరాలకు హిజ్కియా రాజు వచ్చిండు, వానికి ప్రాణం మీదికి తెచ్చే పుండు లేచింది. ప్రవక్త వచ్చి, నువ్వు బతుకుతవని దేవుని మాట చెప్పిండు. చెప్పి ఊకున్నడా? అత్తిపండ్ల ముద్ద తెచ్చి పుండు మీద పెట్టుమన్నడు. దేవుని మాట నోట్ల ఉన్నోడే మందు పెట్టుమన్నడు. ఇవన్ని నేను ఎన్నిసార్లు చదివినో లెక్క లేదు. నాకు కావాల్సిన కాడ ఆగిన.

కాయితం అందంగనే హైదరాబాదు పో. బోర్డు సంగతి తర్వాత చూద్దాం. వచ్చే ఆదివారం నేనే వస్తున్న, నీ ముందట కూసుండి మాట్లాడుత.

తప్పు చేసిన అన్న,
నర్సింగం

*

గోదావరిఖని,
అక్టోబర్ 25, 2025, శనివారం.

అన్నకు,

నువ్వు వచ్చినవు, మూడు గంటలు కూసున్నవు, నేను పండుకున్నట్టు చేసిన. నాలుగింటి బస్సుకు పోయినవు. దానికి నన్ను మన్నించు. నీతోని నోటితోని కొట్లాడనీకి నాకు శక్తి లేదు. నేను చెప్పేది నీకు వినపడది, నువ్వు చెప్పేది మాత్రం మా లైనుల పన్నెండు క్వార్టర్లకు వినపడ్డది. "గొట్టం కుళ్లుతున్నదిరా" అని నువ్వు అరిస్తె పక్కింటామె తాగే నీళ్ల గొట్టమనుకొని మోటరు బందు పెట్టింది. మున్సిపాలిటీకి ఫోన్ చేద్దామా అని శోభను అడిగింది. శోభ నవ్వింది, ఎన్ని దినాలకో. నవ్వుకుంటనే ఏడ్చింది.

రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకొని చూస్తున్న. రెండిట్ల నీ చేతిరాతనే. రెండిట్ల రాజుల కథలే. ఆగస్టుల దవాఖానకు పోకు అన్న అన్న మాట వినాల్నా, అక్టోబర్‌ల ఉరుకు అన్న అన్న మాట వినాల్నా? ఒక్కటి తెలుసు నాకు. మొదటి మాటల నువ్వు నన్ను చూసి గర్వపడ్డవు. చిన్నప్పటిసంది నన్ను చూసి ఎవలు గర్వపడలే.

నీకొక మంచి కబురు సుత రాస్తున్న. నిన్న పొద్దున ముఖం కడుక్కోనీకి వంగితె, గజ్జల ఎచ్చగ తగిలింది. చూసేసరికి నెత్తురు. చీము గాదు, ఎర్రటి నెత్తురు. లుంగీ తడిసింది, కింద బండ మీద సుత కారింది. చెయ్యి పెట్టి కూసున్న, కొద్దిసేపటికి దానంతట అదే ఆగింది. తర్వాత ఒళ్లంత తేలికైంది, నిన్న మాపటేల జరం సుత రాలే. చెడు నెత్తురు పోయినట్టుంది. నువ్వు మొదట రాసిందే నిజమేమో అన్నా. శోభకు చిన్నగనే వచ్చిందని చెప్పిన. రుత్విక్ మాత్రం బండ మీద చూసిండు. బకెట్ నీళ్లు తెచ్చి వాడే కడిగిండు.

ఐదు దినాలున్నయి. గురువారం పొద్దుగాల తొమ్మిదింటికి బోర్డు. ఆ లుంగీ ఉతకనియ్యలే, సంచిల పెట్టుకున్న, డాక్టర్లకు చూపెట్టనీకి. గురువారం మాపటికి నువ్వు ఏ దవాఖాన అంటె ఆ దవాఖానకు వస్త. ఇది నా మాట.

రుత్విక్ సోమవారం డ్యూటీ నాగా పెట్టి నీ దగ్గరికి వస్తనంటుండు. వాని చేతికే ఈ కాయితం ఇస్తున్న. నేను ఎంత చెప్పినా వాడు, పెద్దబాపు ఒప్పుకుంటె సరే అంటుండు. గురువారం దాక ఆగుమని వానికి నువ్వు నచ్చచెప్పు. నీ మాట వింటడు.

చాన అలిసిన అన్నా. కాలు కన్న ఎక్కువ, ఎదురుచూసుడే అలుపు తెస్తున్నది.

సదయ్య

*

గోలేటి,
అక్టోబర్ 27, 2025, సోమవారం, పొద్దున.

సదయ్యా,

రుత్విక్ బండి బందు పెట్టకుండ వాకిట్ల నిలబడ్డడు. వాడు మీ ఇంటికి చేరేవరకే అంబులెన్సు వచ్చి ఉంటది. సంధ్యారాణి నా ముందటనే ఫోన్ చేసింది, శోభతోని సుత మాట్లాడింది. నువ్వు ఎక్కనంటవని శోభ చెప్పిందట, అన్న కాయితం వస్తె గని లెవ్వనంటవట. ఇదిగో అన్న కాయితం.

మనం గనిల పని చేసినోళ్లం. పైకప్పు కూలేముందు ఏమైతది? సన్నగ పొడి రాలుతది. రెండు పెళ్లలు పడుతయి. తర్వాత ఆగుతది, గని అంత గమ్మునుంటది. అప్పుడు మనం ఏం చేసేటోళ్లం? ఆగింది గద అని కూసుండి సద్ది విప్పేటోళ్లమా? ఉన్న తట్ట, ఉన్న పార ఉన్నకాడ్నే ఇడిసి ఉరికేటోళ్లం. ఉరకనోళ్లను తర్వాత మనమే మోసుకొచ్చినం.

శుక్రవారం నీకు రాలింది ఆ పొడి. చెడు నెత్తురు కాదు అది, చెడు నెత్తురనేది లేదు. నరానికి గొట్టం కుట్టిన కాడ తెగుడు మొదలైంది, చిన్న గడ్డ అడ్డం పడి ఆగింది. సంధ్యారాణి నీ కాయితం చదివి పలక మీద ఏం రాయలే, లేచి ఫోన్ పట్టుకున్నది. మళ్ల వచ్చేది చెయ్యి పెడితె ఆగేది కాదట. గంటకు వస్తదా, గురువారం దాటినంక వస్తదా, ఎవలు చెప్పలేరట. నువ్వు బోర్డు ముందట లుంగీ ఎత్తే దాక ఆగుతనని అది నీకు మాటిచ్చిందా?

నువ్వు నీ కాయితంల అడిగినవు, ఏ అన్న మాట వినాలని. మొదటి అన్న గర్వంతోని రాసిండు. తమ్ముని పుండును తన వాక్యానికి సాక్ష్యం చేసుకున్నడు. నిన్న ఆరాధనల ఇది లేచి నిలబడి చెప్పిన, నలభై మూడు మంది ముందట. ఫిట్ ప్రార్థన ఎందుకు ఆపినమో, నూనె ఎవలు పంపిన్రో, అంత చెప్పిన. మల్లక్క నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నది, ఏదో అన్నది, నాకు వినపడలే. ఈసారి తల ఊపలే. పలక ఇచ్చిన. ఆమెకు రాయరాదు. మీ వదిన చెవుల చెప్పింది, "ఇక్కడేం చేస్తున్నవు, తమ్ముని దగ్గరికి పో" అన్నదట. ఇయ్యాల పొద్దటి బస్సుకు బయలెల్లుదామని సంచి కట్టుకుంటుంటె రుత్విక్ దిగిండు. నిన్న మాపటికే బయలెల్లాల్సింది. అది సుత నా తప్పే.

నిన్ను చూసి గర్వపడాల్నంటె నువ్వు పుండుతోని నిలబడాల్సిన పని లేదు. మూడు పదులేండ్లు చీకట్ల దిగినవు, ఒక్కనాడు సుత ఇంట్ల అన్నం కరువు కానియ్యలే. గది చాలదా? అన్ననయ్యుండి ముందే చెప్పకపోతి.

కొడుకు కోసం అంటున్నవు. కొడుకును కట్టెల మీద పండవెట్టిన తండ్రి కథ ఎరుక గద. ఆ కథల పైనుంచి వచ్చిన మాట ఒక్కటే, చెయ్యి ఎయ్యకు అని. నువ్వు నిన్ను పండవెట్టుకున్నవు. ఆ మాట నీకు సుత చెల్లుతది.

రుత్విక్‌ను అడిగిన, నీకు నౌకరి కావాల్నా వద్దా అని. నా చెవి కాడికి వచ్చి గట్టిగనే చెప్పిండు, వాకిట్లోళ్లందరు విన్నరు. "పెద్దబాపు, నౌకరి వద్దంటె అబద్ధం. నాలుగేండ్ల సంది దాని మీదనే కూసున్న. కని మొదటి డ్యూటీకి బాపు నన్ను గని గేటు దాక తోలుకపోవాలె." గంతే అన్నడు. తర్వాత బండి ఎక్కి అటు తిరిగి కూసున్నడు.

బోర్డు సంగతి నేను నీకు మాట ఇయ్యలేను. ఇచ్చిన మాటలు చాలు. దవాఖానల చేర్చుకున్న కాయితాలు బోర్డుకు పెట్టచ్చేమో, మనిషి లేకుండ ఒప్పుకుంటరేమో, సంధ్యారాణి అడుగుతనన్నది. ఒప్పుకుంటె ఒప్పుకుంటరు, లేకపోతె లేదు. గొట్టం తీసేసినోణ్ని గనిల దింపుతరా అని సుత అన్నది. కొమురెల్లి కాలు మానిన కాలు, నీది మానినది కాదు. అది డాక్టర్లు చూసుకుంటరు. నౌకరి రాకపోతె వాడు డంపరు నడుపుతడు, నిన్ను తిట్టుకుంటడు. తిట్టనియ్. తిట్టనీకైనా నువ్వుండాలె.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తున్న. శోభ, నువ్వు సుత చదువు. లెవ్వొద్దు, నడవొద్దు, వంగొద్దు. వాళ్లే ఎత్తి బండిల పండవెడుతరు. గజ్జల బట్టగొట్టం ఉన్నది, కారుతున్నది, శుక్రవారం ఎర్ర నెత్తురు పడ్డది అని అంబులెన్సోళ్లకు ముందే చెప్పాలె. నరాలు కుట్టే డాక్టర్లున్న దవాఖానకే పోవాలె. తొవ్వల మళ్ల నెత్తురు వస్తె గుడ్డ పెట్టి పిడికిలితోని గట్టిగ అదిమి పట్టాలె, ఆగిందా అని తీసి చూడొద్దు, దవాఖానోళ్లు వచ్చి పట్టుకునే దాక ఇడువొద్దు. ఆ పిడికిలి రుత్విక్‌ది కావాలె, వాని చేతికి బలమున్నది. జిరాక్సులు, పాత కాయితాలు వాని దగ్గరనే ఉన్నయి. నేను ఎనుక బస్సుల వస్తున్న, నా కోసం ఆగొద్దు.

నీకు మిగిలిన పని ఒక్కటే సదయ్యా. ఊ అనుడు. బోర్డు గురువారం. ఇయ్యాల సోమవారం. అంబులెన్సు వాకిట్ల ఉన్నది, శోభ తలకాడ ఉన్నది, కొడుకు ఎదురుంగ నిలబడ్డడు.

నర్సింగం

కాయితం మడవకు, ఇంకోసారి చదువకు. ఇయ్యాల్నే, ఇప్పుడే, వాళ్లకు వినపడేటట్టు ఊ అను.